పాత మిల్లులో కొత్త ఆఫీసు

రూపానికీ వస్తువుకూ గల సంబంధాన్ని గురించి మన విమర్శకులు ఏళ్ల తరబడి వాదించుకుంటూనే వున్నారు. ఆ వాదన కావ్యాలకూ కథలకూ మాత్రమే పరిమితం కావలసిన అవసరం లేదు. కట్టడానికి కూడా రూపం వుంది, వస్తువు వుంది. గోడలూ, కప్పూ, స్తంభాలూ దాని రూపమైతే, ఆ కప్పు కింద మనుషులు చేసే పనీ, ఆ పనిలో వారి మధ్య ఏర్పడే సంబంధాలూ దాని వస్తువు. రూపాన్ని అట్లాగే వుంచి వస్తువును పూర్తిగా మార్చివేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెదకదలచినవారు ముంబయిలోని లోయర్ పరేల్ ప్రాంతాన్ని పరిశీలించాలి. తరాల తరబడి నూలు వడికిన మిల్లుల్లో అక్కడ కంపెనీల ఆఫీసులు వెలిశాయి.

నేను తెలుగు సాహిత్యం బోధించేవాణ్ణి. వాస్తుశిల్పం నా విద్య కాదు. అయినా ఈ విషయాన్ని చర్చకు పెట్టడానికి రెండు కారణాలున్నాయి. మా కళాశాలలో చదువుకున్న పిల్లలు కొందరు ఇట్లాంటి ఆఫీసుల్లో ఉద్యోగాలకు చేరుతున్నారు. పాత ఇటుక గోడనూ, పోత ఇనుప స్తంభాన్నీ చూసి ముచ్చటపడి, చరిత్రను ఎంత బాగా కాపాడారో అని చెబుతున్నారు. అక్కడ నిలిచింది చరిత్రేనా, చరిత్ర విడిచిన కుబుసమా అన్నది తేల్చుకోవలసి వుంది. ఇక రెండో కారణం, ఆ మిల్లుల చరిత్రలో తెలుగువాళ్ల చెమట కూడా వుండడం.

కావస్జీ నానాభాయ్ దావర్ అనే పార్సీ వర్తకుడు 1854లో బొంబాయిలో మొదటి నూలు మిల్లు కంపెనీని స్థాపించాడు. తార్‌దేవ్‌లోని ఆ మిల్లు 1856లో పని ప్రారంభించింది. 1861 నుంచి 1865 వరకూ సాగిన అమెరికా అంతర్యుద్ధ కాలంలో లాంకషైరుకు అమెరికా పత్తి ఆగిపోయింది. మన పత్తికి గిరాకీ పెరిగి బొంబాయి వర్తకుల చేతిలో డబ్బు పోగుపడింది. ఆ డబ్బూ, అంతకుముందు నుంచీ చైనాతో సాగిన నల్లమందు వ్యాపారపు లాభాలూ కలిసి మిల్లులకు పెట్టుబడి అయ్యాయి. యంత్రాలు లాంకషైరు నుంచి దిగాయి. పనివాళ్లు కొంకణ తీరం నుంచీ, దక్కను పీఠభూమి నుంచీ కాలినడకనా, పడవల్లో, రైళ్లలో వచ్చారు. పరేల్, లాల్‌బాగ్, వర్లీ పరిసరాలకు 'గిరణ్‌గావ్' అనే పేరు స్థిరపడింది. మిల్లుల వూరు అని దాని అర్థం.

ఆ వూళ్లో మనవాళ్లూ వున్నారు. మిల్లులు పుట్టక ముందే తెలుగు దేశం నుంచి కట్టడపు పనులకు వలసవెళ్లిన కామాఠీల పేరిటే బొంబాయిలో కామాఠీపురా వెలసింది. ఆ తర్వాత నిజాం రాజ్యంలోని కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి పద్మశాలీ కుటుంబాలు మిల్లు పనికి వెళ్లాయి. మిల్లు బట్ట పల్లెలోని చేనేత మగ్గాన్ని దెబ్బతీసింది. దెబ్బతిన్న నేతగాడు పొట్ట చేతబట్టుకొని వెళ్లి ఆ మిల్లులోనే కూలికి చేరాడు. తన వృత్తిని కాజేసిన యంత్రానికే తన నైపుణ్యాన్ని అమ్ముకోవలసి వచ్చింది. సిరిసిల్ల ప్రాంతపు నేత కుటుంబాలకు బొంబాయి, భివండీ, షోలాపూరు పరాయి పేర్లు కావు.

ఇక ఆ కట్టడం సంగతి. మిల్లును ఎవరూ అందం కోసం కట్టలేదు. దానిలో ప్రతి భాగానికీ ఒక ఆర్థిక కారణం వుంది. నూలు వడికే శాల పొడుగ్గా, అనేక అంతస్తులుగా వుండేది. ఒకే ఆవిరి యంత్రం పుట్టించే శక్తిని తాళ్ల ద్వారా, ఇరుసుల ద్వారా, బెల్టుల ద్వారా ప్రతి అంతస్తుకూ పంచడానికి ఆ ఆకారం అనువైనది. యంత్రాల బరువునూ అదురునూ తట్టుకోవడానికి నేలలు దళసరిగా వేశారు. మగ్గాల అదురు మరీ ఎక్కువ గనక నేతశాలను సాధారణంగా ఒకే అంతస్తుగా కట్టారు. దాని కప్పు రంపపు పళ్లలాగా ఎగుడుదిగుడుగా వుంటుంది. ఒక్కొక్క పంటికీ ఉత్తరం వైపున అద్దాలు బిగిస్తారు. ఉత్తరం నుంచి వచ్చే వెలుతురులో ఎండ పొడ తక్కువ, నీడలు తక్కువ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అది దాదాపు ఒకేరీతిగా వుంటుంది.

ఈ కప్పును గురించి వర్లీలోని ఒక చాల్‌లో నాకు ఒక పెద్దాయన చెప్పాడు. చాల్ అంటే కుటుంబానికి ఒక గది, అందరికీ కలిపి ఒక వసారా, ఒక కుళాయి. ఆయన కరీంనగర్ జిల్లా నుంచి వెళ్లి ఇరవై రెండేళ్లు నేతశాలలో పనిచేశాడు. "అద్దాలు ఉత్తరం దిక్కుంటయి సారూ. ఎండ మీద పడది. పడుగుల పోగు తెగితే వెంటనే కనవడ్తది," అన్నాడు. ఏ వాస్తుగ్రంథమూ ఇంతకన్నా తేటగా చెప్పదు. కప్పు నుంచి దిగే ఆ వెలుతురు ఆయన కంటికి సుఖం కోసం ఏర్పరచింది కాదు. తెగిన పోగు ఆయన కంటికి తప్పించుకుపోకుండా ఏర్పరచింది. అదేవిధంగా పొడిగాలిలో నూలు తెగుతుంది గనక శాలలో తేమ పెంచారు. ఆ ఉక్కలో దూదినలుసు పీల్చి పీల్చి ఎందరో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్నారు. నూలుకు అనుకూలించిన గాలి మనిషికి అనుకూలించలేదు.

వెలుతురు గురించి పోరాటం కూడా జరిగింది. దీపాలు లేని రోజుల్లో పొద్దు పొడిస్తే పని, పొద్దు గుంకితే విరామం. విద్యుద్దీపాలు వచ్చాక ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల్లో కొన్ని మిల్లులు రోజుకు 14, 15 గంటలు పనిచేయించాయి. మన దేశపు మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చినా అది పిల్లల పనిగంటలనే పట్టించుకుంది. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో సాగిన ఆందోళన వల్ల 1890లో ఆదివారం సెలవు దక్కింది. జౌళి మిల్లుల్లో వయోజన పురుషుల పనికి 12 గంటల పరిమితి 1911 చట్టంతో గాని రాలేదు. 1908 జులైలో తిలక్‌కు ఆరేళ్ల శిక్ష పడినప్పుడు ఈ కార్మికులే ఆరు రోజులు సమ్మె చేశారు. ఆ సమ్మెను లెనిన్ గుర్తించి రాశాడు. 1928లో దాదాపు లక్షన్నర మంది ఆరు నెలలు సమ్మె కట్టారు. రెండు మగ్గాలు చూసే నేతగాడు మూడు మగ్గాలు చూడాలన్న యాజమాన్యాల పథకం ఆ సమ్మెకు ముఖ్య కారణాల్లో ఒకటి. ఎర్రజెండా గిర్ణీ కామ్‌గార్ యూనియన్ ఆ సమ్మెలోనే పుట్టింది. అన్నాభావూ సాఠే, అమర్ షేక్‌ల పాట ఈ కార్మికవాడల్లో మారుమోగింది. నారాయణ్ సుర్వే 1966లో తన కవితా సంపుటికి 'నా విశ్వవిద్యాలయం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆయన ఆ విద్య నేర్చింది ఈ వీధుల్లోనే. ఆ కట్టడాల్లోని వస్తువు ఇటువంటిది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. కూలి, బోనసులతోపాటు మరొక విషయం ఆ సమ్మెలో ఇమిడి వుంది. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం ప్రకారం పరిశ్రమ మొత్తానికి ఒకే సంఘానికి గుర్తింపు. ఆ గుర్తింపు పొందిన సంఘం మీద కార్మికుల్లో అత్యధికులు విశ్వాసం కోల్పోయినా, బేరమాడే హక్కు దానిదే. సమ్మె లాంఛనంగా ముగిసినట్లు ఎవరూ ప్రకటించలేదు. నెలలు గడిచి, ఏడాది దాటి, అది కరిగిపోయింది. లక్షమందికి పైగా తిరిగి పనిలోకి వెళ్లలేకపోయారు. మిల్లులు మూతబడడానికి సమ్మే కారణమని చెప్పేవారు ఇప్పటికీ వున్నారు. యంత్రాలను నవీకరించకపోవడం, భివండీ వంటి చోట్ల చవక కూలికి నడిచే మరమగ్గాలకు పని మళ్లించడం అంతకుముందే మొదలయ్యాయి. పైగా నగరం పెరిగేకొద్దీ మిల్లు తీసే లాభం కన్నా మిల్లు కింది నేల విలువ ఎక్కువైంది. నూలు వడకడం కన్నా నేలను అద్దెకివ్వడం లాభమని తేలాక మిల్లును నడపడం పెట్టుబడికి భారమైంది.

ఇక్కడే మన అసలు ప్రశ్న వస్తుంది. పాత గోడల మీద ప్రేమ ఎట్లా పుట్టింది?

1991లో బొంబాయి అభివృద్ధి నియంత్రణ నిబంధనల్లో 58వ నిబంధన వచ్చింది. మిల్లు భూమిని కొత్తగా అభివృద్ధి చేయదలచుకుంటే సుమారు మూడోవంతు నగర పాలక సంస్థకు బహిరంగ స్థలాలకై, మూడోవంతు ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థకు ఇళ్లకై ఇవ్వాలి. మిగతా మూడోవంతు యజమానిది. చూడడానికి ఇది న్యాయమైన పంపకమే. కాని అదే నిబంధన నిలిచివున్న కట్టడాన్ని అట్లాగే వుంచి వాణిజ్య అవసరాలకు వాడుకోవడానికీ వీలు కల్పించింది. గోడలు కూల్చితే భూమి పంచాలి. కూల్చకపోతే పంచనక్కరలేదు. కాబట్టి గోడలు నిలిచాయి. వాటి వెనక ఆఫీసులు, దుకాణాలు, ఫలహారశాలలు వచ్చాయి. పాత కట్టడం మీది అభిమానం కొందరు శిల్పుల్లో నిజంగానే వుండవచ్చు. కాని ఆ అభిమానానికి అద్దె చెల్లించింది మాత్రం ఈ నిబంధన.

1996లో ప్రభుత్వం చార్లెస్ కొరియా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. మిల్లు భూములన్నిటినీ కలిపి ఒక ప్రణాళికగా చూడాలన్న ఆ సంఘపు ఆలోచన కాగితం మీదే మిగిలింది. 2001లో నిబంధనను సవరించారు. మిల్లు స్థలమంతటికీ కాక, పూర్వం నుంచీ కట్టడమేమీ లేని ఖాళీ జాగాకు మాత్రమే పంపకం వర్తిస్తుందన్నారు. మిల్లుల్లో ఖాళీ జాగా ఎంత వుంటుంది? ఆ సవరణ తర్వాత గోడలు కూల్చినా నష్టం లేకపోయింది. ఆకాశహర్మ్యాలు లేచాయి. 2005లో జాతీయ జౌళి సంస్థ ముంబయి టెక్స్‌టైల్ మిల్లు స్థలం ఒక్కదాన్నే 702 కోట్ల రూపాయలకు అమ్మింది. అదే ఏడు అక్టోబరులో బొంబాయి హైకోర్టు సవరణకు యజమానులు చెప్పిన అర్థాన్ని తోసిపుచ్చింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చివేసింది. నిబంధనతో పాటు గోడల మీది ప్రేమ కూడా మారిందన్నది గమనించదగిన విషయం.

సరే, నిలిచిన గోడల మధ్య ఆఫీసును ఎట్లా ఏర్పాటు చేస్తారు? శిల్పికి ఆ కట్టడం గొప్ప వసతి. కప్పు ఎత్తు ఎక్కువ గనక మధ్యలో ఇనుప దూలాలతో ఒక అటక లాంటి అంతస్తు లేపవచ్చు. అద్దెకు వచ్చే విస్తీర్ణం పెరుగుతుంది. యంత్రాలను మోసిన నేలకు బల్లలూ కంప్యూటర్లూ ఒక బరువు కాదు. స్తంభాలు దూరదూరంగా వుంటాయి గనక పెద్ద హాలు దొరుకుతుంది. గోడకున్న సున్నం గీకి ఇటుకను బయటపెడతారు. స్తంభాలకు నల్లరంగు వేస్తారు. గాలిని యంత్రం చల్లబరచవలసి వుంది గనక కిటికీలు బిగిస్తారు. కప్పు అద్దాల నుంచి వచ్చే వెలుతురు కంప్యూటరు తెర మీద మెరుస్తుంది గనక వాటికి తెరలు దించుతారు. పోగు కనిపించడానికి కట్టిన కప్పు, తెర కనిపించడానికి కళ్లు మూసుకుంటుంది. నేను చూసిన ఒక ఆఫీసులో స్వాగతపు బల్ల పక్కన అద్దాల పెట్టెలో పాత కదుళ్లు పేర్చివున్నాయి. వాటి మీద చేయి పెట్టినవారి ప్రస్తావన ఒక్క పంక్తి కూడా లేదు.

ఈ కొత్త వస్తువు పాత రూపానికి పూర్తిగా పరాయిదని అనుకోవడం కూడా పొరపాటే. నవీన ఆఫీసు పుట్టుకలోనే కార్ఖానా పోలిక వుంది. 1906లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అమెరికాలోని బఫెలో నగరంలో లార్కిన్ కంపెనీకి ఆఫీసు కట్టాడు. అనేక అంతస్తుల నడుమ ఒక పెద్ద హాలు, దాని మీద అద్దాల కప్పు, కింద వరసలు తీరిన బల్లల ముందు గుమాస్తాలు, పై అంతస్తుల నుంచి అందరూ కనిపించే ఏర్పాటు. 1911లో ఫ్రెడరిక్ టేలర్ పనిని ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ గడియారం పెట్టే పద్ధతిని గ్రంథస్థం చేశాడు. కార్ఖానా కోసం పుట్టిన ఆ పద్ధతి ఆఫీసుకూ పాకింది. కాబట్టి మిల్లులోకి ఆఫీసు రావడం ఒక విధంగా పుట్టింటికి రావడమే. 1928లో ఒక మనిషి ఎన్ని మగ్గాలు చూడాలన్నది తగాదా. ఇవాళ గంటకు ఎన్ని ఫోన్లకు జవాబు చెప్పాడు, ఎన్ని ఫైళ్లు తేల్చాడు అన్నది యంత్రమే లెక్క కడుతుంది. తేడా ఒకటి వుంది. మగ్గం దగ్గరి మనిషి తాను కార్మికుణ్ణని ఎరుగును. కంప్యూటరు దగ్గరి మన విద్యార్థికి ఆ ఎరుక కలగకుండా వుండడానికే రంగురంగుల కుర్చీలూ, ఉచితంగా కాఫీ ఇచ్చే మూలా ఏర్పాటవుతాయి. ఆఫీసు ఊడ్చేవాళ్లూ, గేటు కాసేవాళ్లూ మాత్రం కాంట్రాక్టరు కింద పనిచేస్తారు గనక ఆ కుర్చీల లెక్కలోకి కూడా రారు.

కట్టడం లోపలి మార్పును మాత్రమే రూపకల్పన అనుకుంటే వచ్చే ప్రమాదం 2017లో బయటపడింది. ఆ ఏడు సెప్టెంబరు 29న పరేల్, ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషన్లను కలిపే ఇరుకు వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. వాడ ఆఫీసులతో కిక్కిరిసినా, రోజూ దిగే జనం ఎన్నో రెట్లు పెరిగినా, వంతెన మాత్రం పాతదే. సరిగ్గా మూడు నెలలకు, డిసెంబరు 29న, కమలా మిల్స్ ఆవరణలో ఒక భవనం పైకప్పు మీది ఫలహారశాలల్లో నిప్పంటుకొని 14 మంది చనిపోయారు. ఒక్కొక్క శిల్పి తనకిచ్చిన హాలును అందంగా తీర్చాడు. వాడ మొత్తానికి దారి, నీరు, వంతెన, వెలుపలికి పోయే తోవ ఎంత కావాలో లెక్క చూడవలసిన బాధ్యత ఎవరిదీ కాకుండాపోయింది. కొరియా సంఘం చెప్పిన ఉమ్మడి ప్రణాళికకు విలువ ఏమిటో ఈ మరణాలే చెబుతాయి.

అయితే పాత గోడలను కూల్చివేయవలసిందేనా అని కొందరు అడగవచ్చు. నేను అట్లా అనడం లేదు. గోడ నిలిస్తే ప్రశ్న వేయడానికి ఒక ఆధారం మిగులుతుంది. చిమ్నీ వున్నచోట 'ఇదేమిటి' అని పసివాడైనా అడుగుతాడు. అరవై అంతస్తుల అద్దాల మేడ ముందు ఆ ప్రశ్న పుట్టదు. అట్లాగని మిల్లును దేవాలయంగా చేసుకోవలసిన పని కూడా లేదు. ఊపిరితిత్తుల్లో దూది నింపిన చోటు అది. పోయిన మిల్లు కోసం కన్నీరు కార్చడం అభ్యుదయం కాదు. మిల్లు పోయినప్పుడు ఎవరి వాటా ఎవరికి చేరిందని లెక్క అడగడం మన పని.

ఆ లెక్క ఇంకా తీరలేదు. మిల్లు భూముల మీద కట్టిన ఇళ్లను కార్మిక కుటుంబాలకు ఇవ్వడానికి గృహనిర్మాణ సంస్థ 2012లో లాటరీ తీసింది. ఆ తర్వాతా కొన్ని లాటరీలు జరిగాయి. దరఖాస్తులు లక్షకు పైగా వుంటే, ఒక్కొక్కసారి తీసిన ఇళ్లు వేలల్లోనే. మూడోవంతు భూమి దక్కివుంటే ఈ సంఖ్యలు వేరుగా వుండేవి. బతుకంతా చాకిరీ చేసి సంపాదించిన హక్కు అదృష్టపు చీటీగా మారింది.

కాబట్టి పాత కట్టడంలో వెలిసిన ఆఫీసును విమర్శించేటప్పుడు ఇటుక రంగుతో ఆగిపోకుండా మరికొన్ని విషయాలు అడగాలి. ఈ గోడలను నిలిపినందువల్ల ఎవరు ఏ వాటా ఎగ్గొట్టగలిగారు? పనివాళ్లకూ నగరానికీ దక్కవలసిన నేల దక్కిందా? ఆవరణలోకి ఇరుగుపొరుగు జనానికి ప్రవేశం వుందా, లేక గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపవలసిందేనా? అక్కడ పనిచేసినవారి పేర్లకూ, సమ్మెలకూ, జబ్బులకూ ఆ గోడ మీద చోటు వుందా? ఇప్పుడు అక్కడ పనిచేసేవారికి సంఘం పెట్టుకునే వీలుందా? వీటికి జవాబు చెప్పగలిగిన రూపకల్పనను నేను మెచ్చుకుంటాను, దాని స్తంభాలకు ఏ రంగు వేసినా సరే.

నాకు నేతశాల కప్పును వివరించిన పెద్దాయన తాను పనిచేసిన మిల్లు గేటు ముందునుంచి రోజూ కూరగాయలకు వెళతాడు. మూతబడ్డాక ఒక్కసారి కూడా లోపల అడుగుపెట్టలేదట. "మమ్ముల లోపలికి పోనిస్తరా సారూ?" అని నన్ను అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు శిల్పి గీసే పటంలో వుండవలసింది.

మీనా మీనన్, నీరా అడార్కర్ 2004లో వెలువరించిన గ్రంథంలో నూరుమంది గిరణ్‌గావ్ వాసుల మాటలు భద్రమయ్యాయి. తెలంగాణ పల్లెల నుంచి ఆ మిల్లులకు వెళ్లిన కుటుంబాల మాటలను తెలుగులో సేకరించే పని మన విద్యార్థులూ అధ్యాపకులూ తలకెత్తుకోవాలి. ఆ తరం వయసు మీరుతోంది. అట్లాగే 1934లో నెలకొని 2002లో మూతబడిన వరంగల్ ఆజంజాహీ మిల్లు మన ఇంటి ముందరి చరిత్ర. దానిలో నూలు వడికినవారు, నేసినవారు, పోరాడినవారు ఇంకా మన మధ్య వున్నారు. సెలవుల్లో ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క ఇంటికి వెళ్లి వారి మాట రాసుకొని వచ్చినా, కదుళ్ల పెట్టె పక్కన లేకుండాపోయిన ఆ పంక్తిని మనమే రాయగలుగుతాం.